పన్నెండు మందికి సరిపడా నిప్పులు

ఎనభై ఏడులో అనుకుంటాను, మా పెరట్లో ఉండే బొగ్గుల గ్రిల్ అడుగు తుప్పు పట్టి ఊడిపోయింది. మూడు కాళ్ల మీద నిలబడే గుండ్రటి రేకు గ్రిల్ అది. అప్పటికే ఒక కాలి కింద ఇటుక ముక్క పెట్టి కొన్నేళ్లు నెట్టుకొచ్చాం. ఇక లాభం లేదని చెత్త బండి వచ్చే రోజున దాన్ని రోడ్డు పక్కన పెట్టేశాను. నా భార్య చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి, పైన పెట్టే ఇనప ఊచల చట్రం మాత్రం వెనక్కి తెచ్చి గరాజ్ గోడకి తగిలించింది.

"తుప్పు పట్టిన ఇనుము ఇంట్లో ఎందుకు?" అని విసుక్కున్నాను.

"ఎందుకో మీకు తెలీదా?" అంది.

తెలుసు. తెలుసు గనకే విసుక్కున్నాను. ఆ గ్రిల్ తొలి రోజులు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది. సిగ్గేసినప్పుడల్లా కోపం వస్తుంది. అది నా పుట్టుబుద్ధి. ఇన్నాళ్లకు ఆ కోపాన్ని కాస్త పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

నేను న్యూజెర్సీ వచ్చింది డెబ్బై ఏడులో. ఎడిసన్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. ఒక రెండంతస్తుల చెక్క ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాను. పై వాటాలో ఇంటావిడ ఉండేది. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయి నాలుగేళ్లయింది, పిల్లలు ఎక్కడో దూరాన ఉండేవారు. మెట్ల దగ్గర ఎదురైతే వాన గురించో మంచు గురించో రెండు ముక్కలు మాట్లాడుకుని ఎవరి తలుపు వాళ్లం వేసుకునేవాళ్లం. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మూడు వారాల సెలవు మీద వెళ్లి పెళ్లి చేసుకున్నాను. భార్య కాగితాలు తయారయ్యేదాకా ఒక్కణ్ణే తిరిగొచ్చాను. ఆ కాగితాలకి రెండేళ్లు పైనే పట్టింది.

వారంలో అయిదు రోజులు ఆఫీసు మింగేసేది. శనివారం బట్టలు, సామాన్లు, కారు కడగడం. ఆదివారం మాత్రం గడిచేది కాదు. లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఒక్కసారైనా నోరు విప్పకుండా గడిచిపోయిన ఆదివారాలు ఉన్నాయి. ఒకసారి పోస్టాఫీసు మూసి ఉంటుందని తెలిసి కూడా అక్కడిదాకా నడిచి, తలుపు తోసి చూసి, తిరిగొచ్చాను. అంత ఒంటరితనం మనిషికి ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

ఏప్రిల్లో ఇంటావిడ గరాజ్ సర్దుతూ ఈ గ్రిల్ చూపించి, "మా ఆయన కొన్నాడు, ఒక్కసారైనా వాడకుండానే పోయాడు. వాడుకుంటావా, పారేయనా?" అని అడిగింది. నాకు వెంటనే కుంపట్లో కాల్చిన వంకాయ వాసన తగిలినట్టయింది. వాడుకుంటానన్నాను.

అప్పటిదాకా బొగ్గులంటే బొగ్గులే అనుకున్నాను. మా ఊళ్లో బస్తా విప్పితే తుమ్మ బొగ్గా, సరుగుడు బొగ్గా అని ఆడవాళ్లు చూసేవారు గానీ, మగవాళ్లు అటుకేసి తొంగి చూసేవాళ్లం కాదు. ఇక్కడ సూపర్‌మార్కెట్లో ఒక గోడ పొడుగునా సంచులు పేర్చి ఉన్నాయి. అగ్గిపుల్ల గీస్తే చాలు, దానంతట అదే అంటుకుంటుందని ఒక సంచీ మీద ఉంది. తెలివైన వస్తువు దొరికిందని అదే తెచ్చుకున్నాను. బొగ్గు పొడిని గంజితో కలిపి, చిన్న దిండ్లలా అచ్చు పోసి, ముందే నూనె పట్టించిన సరుకది. భగ్గుమని మండింది. మంట మీదే వంకాయ పెట్టాను. పావుగంటలో పైన నల్లగా మాడింది, లోపల పచ్చిగా ఉంది, మొత్తం కిరసనాయిలు కంపు. అంత పెద్ద వంకాయ, పారేయడానికి మనసొప్పక చింతపండు ఎక్కువ వేసి పచ్చడి చేసుకుని తిన్నాను. ఆ రోజంతా నా తేనుపులకి నాకే భయమేసింది.

రెండోసారి నూనె లేని రకం తెచ్చి, రాజుకోవడం లేదని న్యూస్‌పేపర్ మడతపెట్టి విసనకర్రలా విసిరాను. అచ్చు పోసిన బొగ్గుకి బూడిద ఎక్కువ. అదంతా లేచి ఇంటావిడ తాడు మీద ఆరేసుకున్న దుప్పట్ల మీద పడింది. పై కిటికీ ధన్‌మని మూసుకుంది. ఆవిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడేవాళ్లే ఆవిడ ఒక్కతె, ఆ ఒక్క నోరూ నేనే మూయించాను.

చివరికి హార్డ్‌వేర్ షాపులో ఒక పెద్దాయన నా గోడు విని దారి చూపించాడు. పెద్ద కాఫీ డబ్బా ఒకటి తీసుకుని పైనా కిందా రేకు కోసేయమన్నాడు. అడుగున చుట్టూ మేకుతో చిల్లులు పొడిచి, లోపల కాగితం ఉండచుట్టి, దాని మీద బొగ్గులు నింపి అంటించమన్నాడు. విసరక్కర్లేదు, నూనె అక్కర్లేదు. డబ్బా పైకెత్తితే నిప్పులు కిందికి జారతాయి. వాటి మీద తెల్లగా నివురు కమ్మేదాకా ఓపిక పట్టి అప్పుడు వండమన్నాడు. అచ్చు బొగ్గులు కాక, కర్రని కర్రగానే కాల్చి చేసిన బొగ్గు పేళ్లు కూడా ఆయన దగ్గర ఉన్నాయి. అవి తొందరగా రాజుకుంటాయి, చిటపటలాడతాయి, వేడెక్కువ, బూడిద తక్కువ, కానీ తొందరగానే అయిపోతాయి. వంకాయకి అవే మంచివని నాలుగు వారాల్లో నాకే తెలిసింది. వంకాయ తొడిమ దగ్గర నీరు బుడగలు కట్టడం, తోలు దానంతట అదే ముడతపడి ఊడిరావడం చూసిన రోజున ఎవరికైనా చెప్పాలనిపించింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

అందుకే ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర చెప్పాను. నాతో రోజూ తినేవాళ్లు ముగ్గురు, అందరూ పెళ్లిళ్లయి పిల్లలున్నవాళ్లు. "ఆదివారం మా ఇంటికి రండి, బొగ్గుల మీద వండుతున్నాను, పిల్లల్ని కూడా తీసుకురండి" అన్నాను. "తప్పకుండా! భలే ఉంటుంది" అన్నారు ముగ్గురూ. వాళ్లలో ఒకతను నన్ను రెండుసార్లు కార్లో దింపాడు కాబట్టి ఇల్లు తెలుసు. ఇంకేం కావాలి? మన దగ్గర ఒకరు రండి అని, ఇంకొకరు తప్పకుండా అంటే ఇక అయిపోయినట్టే. ఎన్నింటికి వస్తారని అడగడం ఎప్పుడు వెళ్తారని అడిగినట్టే ఉంటుంది. నేను అడగలేదు. టైము చెప్పలేదు. శుక్రవారం మళ్లీ గుర్తు చేయలేదు. గుర్తు చేస్తే వాళ్ల మాట మీద నమ్మకం లేనట్టవుతుందని మర్యాదకి పోయాను.

ఆ ఆదివారం పన్నెండు మందికి లెక్క వేసుకున్నాను. గ్రిల్ నిండా బొగ్గులు పోసి పదకొండింటికి రాజేశాను. కోడి కాళ్లకి కారం, అల్లం పట్టించి పెట్టాను. మొక్కజొన్న పొత్తులు ఒలిచాను. పక్కింటి వాళ్లని అడిగి కుర్చీలు తెచ్చాను. పదకొండున్నరకి నివురు కమ్మింది. ఎవరూ రాలేదు. ఒంటిగంటకి ఇంకో సంచీ విప్పి పోశాను. మూడింటికి మిగిలినవి కూడా పోశాను. వచ్చేసరికి నిప్పులు ఆరిపోయి ఉంటే బాగుండదు కదా. రోడ్డు మీద కారు చప్పుడైనప్పుడల్లా ముందు వైపుకి వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. అయిదింటికి మొత్తం బూడిదైంది. ఊచలు పైన పెట్టనే లేదు. కుర్చీలు తిరిగి ఇచ్చేటప్పుడు పక్కింటావిడ "పార్టీ బాగా జరిగిందా?" అని అడిగితే "చాలా బాగా" అన్నాను. మొదటి అబద్ధం అదే.

సోమవారం ముగ్గురూ మామూలుగానే "వీకెండ్ ఎలా గడిచింది?" అని అడిగారు. వాళ్ల మొహాల్లో తప్పు చేసినట్టే లేదు. టైము చెప్పని పిలుపు ఇక్కడ పిలుపు కిందికి రాదని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. మర్నాటి నుంచి ఇంకో బల్ల దగ్గర, ఒక్కణ్ణే కూర్చుని తినడం మొదలుపెట్టాను. ఎందుకని వాళ్లు అడిగినా చెప్పలేదు. నా కోపం వాళ్లని ఏమీ చేయలేదు, ఉన్న ముగ్గుర్నీ నాకు లేకుండా చేసింది.

ఇక ఆ ఆదివారం సాయంత్రం సంగతి. లోపలికి వచ్చి కూర్చుంటే బల్ల మీద నా భార్య రాసిన నీలం ఉత్తరం ఉంది. పెళ్లయి పట్టుమని నెల కూడా కలిసి ఉండలేదు, ఉత్తరాల్లోనే ఒకరికొకరం అలవాటవుతున్నాం. "ఆదివారాలు ఒక్కణ్ణే తింటున్నానని రాశారు. అది చదివినప్పటి నుంచి ఆదివారం నాకూ అన్నం సయించడం లేదు. అమ్మ తిడుతోంది. మీరు ఎవరితోనైనా కూర్చుని తిన్నారని రాసేదాకా ఇంతే" అని రాసింది. నేను కలం తీసి, ఇవాళ మా పెరట్లో పన్నెండు మందిమి తిన్నాం అని రాశాను.

రాస్తుంటే హాయిగానే ఉంది, ఆ సంగతి దాచుకోవడమెందుకు? ఎవరొచ్చారో, ఎవరు ఎన్ని పొత్తులు తిన్నారో, ఎవరు కారం ఎక్కువైందని నీళ్లు తాగారో అంతా రాశాను. అమెరికా వాళ్లని రాయలేదు, రాని ఆ ముగ్గుర్నీ కాగితం మీదకైనా రానివ్వబుద్ధి కాలేదు. అందుకని అందరినీ మనవాళ్లనే సృష్టించాను. ఒక డాక్టరూ ఆయన భార్యా. పచ్చిమిరపకాయ నంజుకోనిదే ముద్ద దిగని గుంటూరావిడ, ఆవిడ మొగుడు. కవల ఆడపిల్లలున్న ఒక జంట. జెర్సీ సిటీ నుంచి రైలెక్కి వచ్చే భార్యాభర్తలు. పేర్లు కూడా పెట్టాను, అవి ఇక్కడ రాయను. ఇంకా ఒకరు తక్కువైతే, ఒంటరిగా ఉండే ఒకాయన్ని కలిపాను. ఆయన అందరికంటే ముందు వస్తాడు, అందరూ వెళ్లినా వెళ్లడు, బూడిద నేనే ఎత్తి పోస్తానంటాడు, చలికి అసలు ఆగలేడు.

ఆ ఉత్తరానికి జవాబు చూస్తే అక్షరాలు కూడా నవ్వుతున్నట్టున్నాయి. మళ్లీ ఆదివారాలు తింటోందిట. కవలలకి ఎన్నేళ్లు, గుంటూరావిడది ఏ ఊరు, ఆ ఒక్కాయనకి పెళ్లెందుకు కాలేదు అని ప్రశ్నలు. ఇక నేను ఆపలేకపోయాను. రెండేళ్లపాటు ప్రతి వారం మా పెరట్లో పార్టీ జరిగింది. డాక్టరు భార్యకి నెల తప్పింది, తర్వాత నిలవలేదని రాస్తే నా భార్య ఏడ్చిందిట. ఆ తర్వాత ఎవరికీ కష్టాలు పెట్టలేదు.

అసలు జరిగేది వేరు. పదహారు బొగ్గు ముక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేసుకునేవాణ్ణి. నివురు కమ్మాక గ్రిల్ మధ్యలో పోసి, ఒక వంకాయ, ఒక పొత్తు, ఒక్కోసారి ఒక కోడి కాలు. ఒక మనిషికి అంతకంటే ఎందుకు? చలికాలంలో కూడా మానలేదు. మంచులో పార పెట్టి గ్రిల్ దాకా దారి చేసుకుని, కోటు వేసుకుని నిలబడేవాణ్ణి. వంట అయిపోయినా లోపలికి వెళ్లబుద్ధయ్యేది కాదు. నిప్పు ఉన్నంతసేపూ పక్కన ఎవరో ఉన్నట్టుండేది. అది ఆరిపోయాక చేతులు జేబుల్లో పెట్టుకుని ఇంకాసేపు నిలబడి, బూడిద ఎత్తి పోసి లోపలికి వెళ్లి ఉత్తరం రాసేవాణ్ణి.

ఎనభైలో, మే నెలలో, ఆమె వచ్చింది. రెండు పెద్ద సూట్‌కేసులు, మోయలేనంత బరువు. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం కూడా తినకుండా వాటిని విప్పింది. తన చీరలు ఆరో ఏడో ఉన్నాయి. మిగతాదంతా మా పెరటి జనానికి. జాకెట్టు ముక్కలు, ఒక్కోదాన్లో పసుపు కుంకుమ పొట్లం, పైన గుండుసూదితో గుచ్చిన చీటీ. గుంటూరావిడకి ఎర్రది, డాక్టరు భార్యకి లేత రంగుది, కవలలకి ఒకే గుడ్డలోంచి కుట్టించిన రెండు గౌన్లు. గోంగూర సీసాలు, సున్నుండల డబ్బా. "అమ్మ ఇత్తడి కాఫీ ఫిల్టరిస్తానంది, బరువెక్కువైందని వదిలేశా. మళ్లీ తెచ్చుకోవచ్చులే. వీళ్లని ఉత్త చేతుల్తో ఎలా చూడనండీ, రెండేళ్లు మిమ్మల్ని కనిపెట్టుకునున్నారు" అంది.

అన్నిటికంటే అడుగున ఒక ఊలు స్వెట్టరుంది. బూడిద రంగు, దగ్గర అల్లిక. నాకేననుకుని చెయ్యి చాపాను.

"మీకు కాదు. ఆ ఒక్కాయనకి. పాపం చలికి ఆగలేడని రాశారుగా. రెండు నెలలు పట్టింది అల్లడానికి. మీకిదిగో, చొక్కా."

కొట్లో కొన్న చొక్కా నా చేతిలో పెట్టింది. నేను పుట్టించిన మనిషి మీద నాకే అసూయ పుట్టింది. నవ్వొచ్చే సంగతే, కానీ అప్పుడు నవ్వు రాలేదు.

ఆ క్షణానే చెప్పేయాల్సింది. చొక్కా మడత విప్పి, బాగుందన్నాను. నా ఉత్తరాలు నమ్ముకుని ఈ పిల్ల అందర్నీ వదిలి వచ్చింది. పదకొండు మంది అబద్ధమని తెలిస్తే, ఈ మనిషి రాసిన దాన్లో ఇంకేది నిజం అనుకుంటుంది? నీ కోసం ఎదురుచూస్తున్నాను అని కూడా అవే ఉత్తరాల్లో, అదే కలంతో రాశాను. అది కూడా అందులో కొట్టుకుపోతుందని నా భయం.

మొదటి ఆదివారం వాన నన్ను కాపాడింది. రెండో ఆదివారం డాక్టరుకి డ్యూటీ పెట్టాను, కవలలకి జ్వరం తెప్పించాను. "పోనీ ఒకసారి ఫోన్ చేయండి, గుంటూరావిడతో మాట్లాడతా" అంది. ఫోన్ ఎత్తి, నంబరు ఊరికే తిప్పినట్టు తిప్పి, గుంయ్‌మంటున్న దాన్లోకి "ఆఁ, ఆఁ, లేరా? సరే, మళ్లీ కాల్ చేస్తా" అన్నాను. పెట్టేసి చూస్తే ఆమె నా మొహంకేసే చూస్తోంది.

చివరికి తనే ముహూర్తం పెట్టింది. "జూన్‌లో రెండో ఆదివారం. అందరికీ చెప్పేయండి. పన్నెండు మందీ, నాతో పదమూడు. పప్పు నానబోస్తాను" అంది. సరేనన్నాను. చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి, శనివారం వెళ్లి చేయగలిగింది చేశాను. రెండు పెద్ద సంచుల బొగ్గు పేళ్లు, పది వంకాయలు, రెండు డజన్ల పొత్తులు తెచ్చాను. అందరికీ ఒకేసారి ఏదో అడ్డం వచ్చిందని చెప్పాలని నా పథకం. అది నిలవదని నాకు తెలుసు. అయినా పొద్దున్నే లేచి, బుద్ధి గడ్డి తిన్నట్టు, గ్రిల్ అంచులదాకా బొగ్గులు పోసి రాజేశాను.

నిప్పులకి నివురు కమ్మే వేళకి ఆమె వంకాయల పళ్లెం తీసుకుని పెరట్లోకి వచ్చింది. ఒకసారి గ్రిల్‌కేసి, ఒకసారి నాకేసి చూసింది.

"ఇన్ని నిప్పులు దేనికండీ?"

"పన్నెండు మందికి."

ఆమె పళ్లెం మెట్టు మీద పెట్టి, గోడకి ఆనించి ఉన్న ఊచల చట్రం తీసుకొచ్చి నా ముందు పట్టుకుంది. "ఇది చూడండి. మధ్యలో ఇంత మేర నల్లగా ఉంది. చుట్టూతా కొత్త ఇనుము లాగే మెరుస్తోంది. మా ఇంట్లో పదేళ్లప్పట్నుంచి కుంపటి రాజేసింది నేనేనండీ. పన్నెండు మందికి వండిన ఊచలు ఇలా ఉండవు. ఒక్క మనిషికి వండితే ఇలా ఉంటాయి. వచ్చిన మర్నాడే చూశాను."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి ఇన్నాళ్లూ అడగలేదేం?"

"మీరే చెప్తారని. ఫోన్లో మాట్లాడినప్పుడు చెప్తారనుకున్నా. రాత్రి పప్పు నానబోస్తుంటే చెప్తారనుకున్నా. ఇవాళ ఇంత నిప్పు చేశారు." ఊచలు కిందికి దించి, "గ్రిల్ నిండా రాజేయడం ఇదే మొదటిసారి కదూ?" అంది.

"రెండోసారి," అన్నాను.

అప్పుడు చెప్పాను. టైము చెప్పని నా పిలుపు, తెచ్చిన కుర్చీలు, మూడింటికి పోసిన ఆఖరి బొగ్గులు, పక్కింటావిడకి చెప్పిన మాట. ఏడ్చాను, దాచడమెందుకు. ఆమె నిలబడే విన్నది. ఓదారుస్తుందనుకున్నాను. ఆమెకి కోపం వచ్చింది. పెళ్లయ్యాక నేను చూసిన మొదటి కోపం అది, నాదానికంటే పెద్దది.

"అబద్ధం రాసినందుకు కాదండీ. ఆ రెండేళ్లూ ఆదివారం మధ్యాహ్నం కడుపునిండా తిని హాయిగా పడుకున్నాను నేను. మీరిక్కడ మంచులో ఒక్కరే నిలబడి ఉంటే, నేనక్కడ ఎవరో కవలలకి గౌన్లు కుట్టిస్తున్నాను. నా మొగుడి కోసం నన్ను ఏడవనివ్వకుండా చేశారు మీరు. ఆ ఏడుపు నాది. మీరెవరు అది తీసేసుకోవడానికి?"



కాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, పట్టకారు అందుకుని నిప్పుల్ని మధ్యలోంచి అంచులకి తోసింది. ఊచలు పైన పెట్టి, పది వంకాయలూ చుట్టూరా, మెరుస్తున్న ఇనుము మీదే పేర్చింది. "అంచులు కూడా నల్లబడనివ్వండి" అంది. తర్వాత పైకి చూసి, కిటికీ తెరల వెనక నిలబడి ఉన్న ఇంటావిడని చేత్తో కిందికి రమ్మని పిలిచింది. ఇంగ్లీషు మాట ఒక్కటి లేదు, టైము లేదు, మర్యాద లేదు. ఆవిడ అయిదు నిమిషాల్లో దిగి వచ్చింది. పొత్తుకి నిమ్మకాయ, కారం రాసిస్తే తిని, కళ్లు తుడుచుకుని ఇంకోటి అడిగింది. గుంటూరావిడ ఎర్ర జాకెట్టు ముక్క ఆ రోజు ఆవిడకే దక్కింది. దాన్ని తలకి కట్టుకుని ఆవిడ చాలాకాలం తోటపని చేసేది.

ఇంటావిడ పైకి వెళ్లాక నేను బూడిద ఎత్తడానికి పార తీశాను. నా భార్య లోపలికి వెళ్లి చేతిలో ఆ బూడిద రంగు స్వెట్టరుతో వచ్చింది.

"తొడుక్కోండి."

"ఇది ఆ ఒక్కాయనకి కదా" అన్నాను. అన్నాక నాకే అర్థమైంది.

"మిగతావాళ్ల గురించి నవ్వుతూ రాసేవారు. ఆయన గురించి రాసేటప్పుడు మాత్రం ఎప్పుడొచ్చాడో, ఏం తిన్నాడో, ఎంతసేపు నిలబడ్డాడో అన్నీ రాసేవారు. ఆయనొక్కడు మాత్రం నిజంగా ఉన్నాడనుకున్నాను. ఊచలు చూశాక ఎవరో తెలిసింది" అంది.

జూన్ నెల ఎండలో, ఇంకా ఆరని నిప్పుల ముందు, ఆ ఊలు స్వెట్టరు తొడుక్కున్నాను. చెమటలు కారిపోతున్నాయి. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. ఆమె చేతులు రెండూ కిందికి లాగి సర్ది, "చలిగా ఉందా ఇంకా?" అని అడిగింది. లేదన్నాను.